తాళాలు చేతికి రాకముందే పాత ఇల్లు ఖాళీ చేస్తే...

బోడుప్పల్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. కొత్తగా కడుతున్న ఇంట్లో రెండో అంతస్తును నెలకు 22,000 రూపాయల అద్దెకు మాట్లాడుకుని, రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 66,000 రూపాయలు యజమానికి ముందే చెల్లించారు. జూన్ 1న ఇల్లు అప్పగిస్తామని ఒప్పంద పత్రంలో రాసుకున్నారు. ఆ తేదీని నమ్మి పాత ఇంటిని మే నెలాఖరున ఖాళీ చేశారు. జూన్‌లో లిఫ్టు రాలేదన్నారు, ఆ తరువాత ఆషాఢం వచ్చింది, ఇప్పుడేమో శ్రావణంలో తాము గృహప్రవేశం చేసుకున్నాకే తాళాలు ఇస్తామంటున్నారు. సామాను గోదాములోనూ, కుటుంబం అక్కగారింట్లోనూ ఉన్నాయి. గోదాము అద్దెకు, ఇతర ఖర్చులకు క్రెడిట్ కార్డు నుంచి 40,000 రూపాయల నగదు తీశారు. వేరే ఇంటి అడ్వాన్సు కోసం లోన్ యాప్‌లో లక్ష రూపాయలు తీసుకోవచ్చా, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి వస్తుందా అన్నది ప్రశ్న.

యాప్ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. కార్డు నుంచి నగదు తీయడమే పెద్ద పొరపాటు. కొనుగోళ్లకు ఉండే వడ్డీ లేని గడువు నగదుకు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు 3.5 శాతం లెక్కన 40,000 రూపాయలకు 1,400 వడ్డీ, దానిపై జీఎస్టీ కలిపితే నెలకు 1,650 రూపాయల పైమాటే. సామాను ఉన్న గోదాముకు అద్దె కడుతూ, ఆ అద్దె కోసం చేసిన అప్పుకూ అద్దె కడుతున్నారన్నమాట.

అడ్వాన్సు విషయంలో చట్టం మీ వైపే ఉంది. అద్దెకిచ్చిన ఇంటిని అడిగినప్పుడు స్వాధీనం చేయవలసిన బాధ్యత యజమానిదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. గడువే కీలకమైన ఒప్పందంలో ఆ గడువు తప్పితే, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు రెండో పక్షానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ కింద ఉంది. రద్దు చేసుకుంటే యజమాని తీసుకున్న సొమ్మును తిరిగి ఇవ్వాలి. గడువు తప్పడం వల్ల నేరుగా వచ్చిన నష్టాన్ని, అంటే గోదాము అద్దె, సామాను రెండుసార్లు తరలించిన ఖర్చు వంటివాటిని 73వ సెక్షన్ కింద కోరవచ్చు. అందుకు రసీదులు ఉండాలి. అదే 55వ సెక్షన్‌లో చాలామంది చూడని మెలిక ఒకటుంది. ఆలస్యమైనా సరేనని మీరు శ్రావణంలో తాళాలు తీసుకుంటే, నష్టపరిహారం అడిగే ఉద్దేశం ఉందని ఆ తీసుకునే సమయంలోనే తెలియజేయాలి, లేకపోతే తరువాత అడగడానికి వీలుండదు. కాబట్టి వాట్సాప్‌లో ‘వచ్చే వారం ఇస్తాను’ అంటూ ఆయన పంపిన సందేశాలను భద్రపరచి, ఈ వారంలోనే రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో లిఖితపూర్వక నోటీసు పంపండి. అందులో పదిహేను రోజుల గడువు ఇచ్చి, అప్పటికి ఇల్లు అప్పగించకపోతే ఒప్పందం రద్దయినట్లేనని, 66,000 రూపాయలు వాపసు ఇవ్వాలని స్పష్టంగా రాయండి. ఆయన వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాకు మాత్రం వెళ్లకండి, అది కొనుగోలుదారుల కోసమే, అద్దెకున్నవారు దాని పరిధిలోకి రారు.

మెట్లకు రెయిలింగ్ కూడా లేని ఇంట్లోకి, నిర్మాణానికి తీసుకున్న తాత్కాలిక కరెంటు మీద దిగండని ఆయన అంటే ఒప్పుకోకండి. ఇద్దరు పిల్లలున్నారని రాశారు. పైగా తాళాలు తీసుకున్న రోజు నుంచి అద్దె మొదలవుతుంది.

ఇక నేను నిజంగా మాట్లాడదలచుకున్నది మీ బ్యాంకు ఖాతా గురించి. నెలకు 10,000 రూపాయల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు), 5,000 రూపాయల చీటీ కడుతున్నారు, మ్యూచువల్ ఫండ్లలో 1,80,000 రూపాయలున్నాయి, కానీ ఇల్లు మారే నాటికి పొదుపు ఖాతాలో ఉన్నది 18,000 రూపాయలు. నా దగ్గరకు వచ్చే కుటుంబాలలో అధిక భాగానిది ఇదే తీరు: పదేళ్ల తరువాతి సంగతికి ఏర్పాటు ఉంటుంది, వచ్చే నెలకు ఉండదు. యజమాని రెండు నెలలు ఆలస్యం చేయడం ఆయన తప్పే, అయితే ఆ రెండు నెలలు మీకు ఏటా 42 శాతం వడ్డీ అప్పుగా మారడానికి కారణం ఖాతాలో అత్యవసర నిధి లేకపోవడం. ఆ నిధి ఉంటే జూన్ రెండో వారంలోనే ఆ ఇంటిని వదులుకుని, వేరే ఇంటికి అడ్వాన్సు ఇచ్చి, వాపసు కోసం తీరికగా పోరాడేవారు. యజమాని ‘ఆగండి’ అన్న ప్రతిసారీ మీరు ఆగింది ఆయన మీద నమ్మకంతో కాదు, ఖాతాలో మళ్లీ 66,000 లేక.

మీ నెల ఖర్చు 55,000 రూపాయలన్నారు. ఆరు నెలలకు 3,30,000 రూపాయలు కావాలి. అద్దె ఇళ్లలో ఉండేవారు దానికి మూడు నెలల అద్దెను అదనంగా చేర్చుకోవాలని నేను ఎప్పుడూ చెబుతుంటాను, ఎందుకంటే పాత యజమాని అడ్వాన్సు ఇచ్చేలోపే కొత్త యజమానికి కట్టవలసి వస్తుంది.

ఇప్పుడు ఫండ్ల నుంచి 1,10,000 రూపాయలు తీయండి. అందులో మొదట కార్డు బాకీ మొత్తం తీర్చి, మిగిలినది వేరే ఇంటి అడ్వాన్సుకు ఉంచండి. మార్కెట్ పెరుగుతుంది కదా అన్న ఆలోచన వద్దు, ఏటా 42 శాతం ఇచ్చే ఫండ్ లేదు. ఎక్కువ సొమ్ము వదులుకుని చీటీ పాడుకోవద్దు. బంగారం తాకట్టు అన్నది ఫండ్లు కూడా లేనివారికి. కొత్త ఇంటిని నీళ్లు, శాశ్వత మీటరు, లిఫ్టు స్వయంగా చూశాకే ఖాయం చేసుకుని, అప్పటిదాకా ఐదు వేలకు మించి టోకెన్ ఇవ్వకండి. సిప్‌ను ఆపి, ఆ 10,000 రూపాయలను, యజమాని నుంచి వాపసు వచ్చే 66,000 రూపాయలను కలిపి వేరే బ్యాంకులో రికరింగ్, ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. శ్రావణంలో కొత్త ఫ్రిజ్ కొనాలనుకుంటున్నట్లు ఉత్తరం చివర రాశారు. ఆ డిపాజిట్లు లక్షన్నర దాటేదాకా పాత ఫ్రిజ్‌తోనే సరిపెట్టుకోండి.