నీళ్లలో నిలబడ్డ పత్తి ఎందుకు వాడిపోతుంది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర. నల్లరేగడిలో రెండెకరాల పత్తి, కాయ పట్టే దశలో ఉంది. మూడు రోజులు ముసురు పట్టి చేన్ల నీళ్లు నిలిచినయి. నాలుగో రోజు ఎండ గట్టిగ కొట్టేసరికి చెట్లు ఒక్కసారే తలలు వాల్చినయి. నీళ్లల్ల ఉండి వాడుడేంది సార్? ఎకరానికి బస్తా యూరియా చల్లుమంటున్నరు, చల్లాల్నా?

జవాబు: వద్దన్నా, ఇప్పుడు నేలలో యూరియా చల్లకండి. ముందు సాళ్ల మధ్య వాలు చూసి కాలువలు తీసి నీళ్లు బయటికి పంపండి, రేపటిదాకా ఆగొద్దు.

మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. వేరులో ప్రతి జీవకణం చుట్టూ రెండు వరుసల కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. కొవ్వు కాబట్టి నీళ్లు దానిలోంచి అంత సులువుగా పోవు, అందుకే నీటి కోసం ఆ పొరలో ప్రొటీన్లతో చేసిన సన్నని దారులు ఉంటాయి. వీటిని ఆక్వాపోరిన్లు అంటారు, కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. నేలలో గాలి లేకపోతే కణం లోపల ఆమ్లత్వం పెరిగి ఈ దారులు మూసుకుంటాయి. చుట్టూ నీళ్లున్నా వేరు తాగలేకపోతుంది, పైన ఎండకు ఆకులు మాత్రం నీటిని వదులుతూనే ఉంటాయి, చెట్టు వాడిపోతుంది. నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది, పైగా మన నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. వరి సంగతి వేరు, దాని కాండంలో, వేళ్లలో గాలి గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి.

ఇక యూరియా. అది నేలలో నైట్రేట్‌గా మారాక దాన్ని లోపలికి లాక్కోవడానికి పొరలోని పంపులు పనిచేయాలి, వాటికి శక్తి కావాలి, ఆ శక్తి రావాలంటే వేరు ఊపిరి తీసుకోవాలి. ఊపిరాడని వేరుకు మేత వేస్తే ఏం తింటుంది? మీ పైసలు నీళ్లతో పాటే కొట్టుకుపోతాయి. చెట్టు మొదలు దగ్గర యూరియా ఒకేచోట కుప్పగా పడితే ఇంకా నష్టం, మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపితే నీరు ఊరినట్టే వేరులోని నీరు కూడా బయటికి వస్తుంది.

అందుకని ఆకుల ద్వారా ఇవ్వండి. యూరియా చిన్న అణువు, విద్యుదావేశం లేదు, ఆకులోకి సులువుగా దిగుతుంది. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ గానీ కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. మోతాదు పెంచితే ఆకులు మాడతాయి, దయచేసి పెంచకండి. వాడిన చెట్ల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాల మందు) కలిపి పోయండి. కొంత పూత, గూడ (పూమొగ్గ) రాలుతుంది, దానికి టెన్షన్ పడొద్దు, వేళ్లు కుళ్లకపోతే చాలా చెట్లు తేరుకుంటాయి. నేల పదునుకు వచ్చాక పైపాటు ఎరువు వేసుకోవచ్చు.

ఒక చెట్టు పీకి కాండం నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చారలు కనిపిస్తే అది వడలు తెగులు కావచ్చు, దాని వైద్యం వేరు. అప్పుడు ఆ చెట్టును అట్లాగే పట్టుకెళ్లి మీ రైతు వేదికలో ఏఈఓకు (వ్యవసాయ విస్తరణాధికారికి) చూపించండి.