లైసెన్స్ వెనక్కి మార్చాం, పాత కంట్రిబ్యూటర్లు నమ్మాలంటే ఇంకేం చేయాలి?

మీ ప్రాజెక్టు అపాచీ 2.0 (ఎవరైనా ఎలాగైనా వాడుకోగల ఓపెన్ సోర్స్ లైసెన్స్) నుంచి బీఎస్ఎల్‌కి (కోడ్ కనిపించినా వాణిజ్య వాడకానికి పరిమితులున్న లైసెన్స్) వెళ్ళి, ఫోర్క్ (పాత కోడ్‌తో బయటివాళ్ళు మొదలుపెట్టిన వేరే ప్రాజెక్టు) పుట్టాక మళ్ళీ ఓపెన్ సోర్స్‌కి వస్తున్నామని రాశారు. మీ పాత కంట్రిబ్యూటర్లు ముందు తెరిచి చూసేది లైసెన్స్ ఫైల్‌ని కాదు, సీఎల్ఏని, అంటే తమ కోడ్ మీద కంపెనీకి విస్తృత హక్కులిస్తూ వాళ్ళు సంతకం చేసే ఒప్పందాన్ని. లైసెన్స్ మార్చే హక్కు (రీలైసెన్స్) కంపెనీ చేతిలో ఉన్నంతకాలం రేపు ఇదే మళ్ళీ జరగొచ్చని వాళ్ళకి తెలుసు.

సీఎల్ఏ తీసేసి డీసీఓ పెట్టండి, అంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని రాసినవాళ్ళు ఇచ్చే చిన్న ధ్రువీకరణ. కమిట్‌లో సైన్డ్-ఆఫ్-బై లైన్ ఉంటే చాలు, కాపీరైట్ రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. అయితే చాలామంది ఇక్కడే పొరబడతారు: అపాచీ, బీఎస్‌డీ లాంటి లైసెన్స్‌కి డీసీఓ ఒక్కటే తాళం కాదు. ఆ కోడ్‌ని కొత్త షరతుల కింద ఎవరైనా విడుదల చేయొచ్చు. 2024 మార్చిలో కంపెనీ లైసెన్స్ మార్చేదాకా రెడిస్ డేటాబేస్ బీఎస్‌డీలోనే ఉంది. హాషికార్ప్ కంపెనీ టూల్ టెర్రాఫామ్‌ది ఎంపీఎల్, మార్చిన ఫైళ్ళని అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే షరతున్నది, అంటే కొంత గట్టిదే. కానీ హాషికార్ప్‌కి సీఎల్ఏ ఉంది, 2023 ఆగస్టులో బీఎస్ఎల్‌కి మార్చేసింది. కాపీలెఫ్ట్ (మార్పులనీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే షరతు), డీసీఓ రెండూ కలిస్తేనే పట్టు. అపాచీయే కావాలంటే ట్రేడ్‌మార్క్‌నీ రిపోనీ (కోడ్ ఉండే చోటు) ఏదైనా తటస్థ ఫౌండేషన్‌కి రాసివ్వండి. ఏజీపీఎల్ (నెట్‌వర్క్ సేవలకీ వర్తించే గట్టి కాపీలెఫ్ట్ లైసెన్స్) తీసుకుంటే క్లయింట్ లైబ్రరీలని మాత్రం అపాచీలోనే ఉంచండి. చాలా కంపెనీల్లో ఏజీపీఎల్ కోడ్‌ని గడప దాటనివ్వరు.

ప్రకటనకి ముందే చేయాల్సిన చాకిరీ ఒకటుంది. బీఎస్ఎల్ కాలంలో బయటివాళ్ళు పంపిన కమిట్లన్నీ గిట్ లాగ్‌లో ఆథర్ వారీగా తీయండి. సీఎల్ఏ కింద వచ్చినవాటిని మీరే మార్చుకోవచ్చు. మిగతావాటికి ఒక్కొక్కరి నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. జవాబు రాకపోతే ఆ భాగం తీసేసి కొత్తగా రాయాలి. తర్వాత ప్రతి ఫైల్‌లో ఎస్పీడీఎక్స్ హెడర్ (లైసెన్స్ పేరు చెప్పే ప్రామాణిక లైన్), ప్యాకేజీ మ్యానిఫెస్ట్‌లో లైసెన్స్ ఫీల్డ్, కంటైనర్ లేబుల్ సరిచేయండి. ఒక్కచోట పాత పేరు మిగిలినా కంపెనీల లైసెన్స్ స్కానర్లు బిల్డ్ ఆపేస్తాయి, "ఇంకా మార్చలేదు" అన్న మాట పాకిపోతుంది.

ఏ వెర్షన్ నుంచి వర్తిస్తుందో నంబర్‌తో చెప్పండి. మధ్యలో వచ్చిన బీఎస్ఎల్ వెర్షన్లకి కూడా కొత్త లైసెన్స్ ఇవ్వగలిగితే ఇచ్చేయండి, వాటిలో ఇరుక్కున్నవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. చివరి అపాచీ వెర్షన్‌కి ఏడాదిపాటు సెక్యూరిటీ ప్యాచ్‌లని అపాచీ కిందే పంపితే ప్రకటనల కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

మెర్జ్ హక్కు (కోడ్‌ని ప్రాజెక్టులో కలిపే హక్కు), రిలీజ్ హక్కు బయటివాళ్ళలో కనీసం ఇద్దరికి ఇవ్వండి. ఒకటి ఇచ్చి రెండోది దాచుకుంటే అది అలంకారమే.

ఇక ఫోర్క్ మూతపడుతుందని ఎదురుచూడకండి. ఎలాస్టిక్ కంపెనీ తన ఎలాస్టిక్‌సెర్చ్‌కి 2024 ఆగస్టులో ఏజీపీఎల్‌ని చేర్చింది. మరుసటి నెలలోనే దాని ఫోర్క్ ఓపెన్‌సెర్చ్ లినక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్ళింది. ఫైల్ ఫార్మాట్, ఏపీఐ రెండింట్లోనూ కలిసేలా ఉమ్మడి టెస్టులు రాద్దామని మీ ఫోర్క్ వాళ్ళకి మీరే ముందు కబురు పెట్టండి.