మాత్ర రెండుసార్లు పడుతోందా? ముందు కరెంటు సంగతి చూడండి

టైముకి తనంతట తానే మాత్ర వేసే డబ్బాని ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో చేశానని, ఉదయం ఎనిమిదింటికి మాత్ర పడగానే బోర్డు రీసెట్ అయి, వెంటనే రెండోది కూడా పడుతోందని అన్నారు కదా. కోడ్‌ని అనుమానించే ముందు మాత్ర గడిని తిప్పే చిన్న మోటారు, అదే సర్వో, దాని ఎర్ర వైరు ఎక్కడ పెట్టారో చూడండి. ఆర్డుయినో 5 వోల్టుల పిన్నుకే అయితే దొంగ దొరికినట్టే. ఎస్‌జీ90 రకం సర్వో చూడ్డానికి చిన్నదే గానీ, కదలబోయే క్షణంలో అర ఆంపియరు దాకా లాగేస్తుంది. వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, మాత్ర వేసిన సంగతే మర్చిపోతుంది.

సర్వోకి విడిగా 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చి, బోర్డు, అడాప్టర్ల గ్రౌండ్లు (మైనస్ వైర్లు) రెండూ కలపండి. కలపకపోతే సర్వో పిచ్చిపట్టినట్టు వణుకుతుంది. నేనూ ఓ సాయంత్రమంతా దాంతో కొట్టుకున్నాను. సర్వో దగ్గరే కరెంటు కుదుపుల్ని ఆపే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా వేయండి, మైనస్ గీత గ్రౌండ్ వైపు.

రీసెట్ ఆగినా కరెంటు పోవడం ఆగదు కదా! అందుకే మాత్ర వేసిన తేదీ, పూట కరెంటు పోయినా చెరగని బోర్డు మెమరీ ఈఈప్రామ్‌లో రాయాలి. సర్వో తిప్పాక కాదు, తిప్పకముందే. మధ్యలో కరెంటు పోతే ఆ పూట మాత్ర గడిలోనే మిగిలి కనిపిస్తుంది. రెండోది పడిపోతే మాత్రం మింగేదాకా ఎవరూ గమనించరు. టైమ్‌కి బోర్డు ఆన్ అయినప్పటి నుంచి మాత్రమే లెక్కపెట్టే మిల్లీస్‌ని నమ్మకండి, సొంత బటన్ సెల్ ఉన్న డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టండి.

అసలు మాత్రలు వేసే ముందు ఓ వారం పూసలతో నడిపి చూడండి.