డిష్ జోలికి పోకముందు కేబుల్ చూడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

టీవీలో ‘సిగ్నల్ లేదు’ అని వస్తోంది, డాబా ఎక్కి డిష్ తిప్పి చూస్తానన్నావు. ఆ పని మాత్రం వద్దు. గట్టిగా బిగించిన డిష్ గాలివాన కొట్టినా, ఎవరైనా తగిలినా కదులుతుందే గానీ ఊరికే కదలదు. నువ్వు ఒకటి రెండు డిగ్రీలు జరిపావంటే మాత్రం ఉన్న తప్పుకి ఇంకో తప్పు తోడై, ఏది ఎక్కడుందో తేల్చలేవు. ఎక్కువసార్లు దోషం కేబుల్‌లో, అందులోనూ కేబుల్ కొసల్లోనే ఉంటుంది.

ముందు సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్ (బలం), క్వాలిటీ (నాణ్యత) అంకెలు చూడు. రెండూ సున్నా అయితే కేబుల్‌నీ ఎల్‌ఎన్‌బీనీ (డిష్ ముందు కడ్డీ కొసన సిగ్నల్ పట్టి కేబుల్‌లోకి పంపే చిన్న పెట్టె) అనుమానించు. స్ట్రెంగ్త్ బాగుండి క్వాలిటీ లేకపోతే అప్పుడు డిష్ దిశ సంగతి ఆలోచించు. అంకెలు ఎగిరి పడుతుంటే ఎక్కడో కనెక్టర్ వదులైంది. కొన్ని ఛానళ్లు వచ్చి కొన్ని రాకపోవడానికి కూడా కేబులే కారణం కావచ్చు. బాక్స్ ఇదే కేబుల్ మీదుగా ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పంపుతుంది. ఎంత వోల్టేజీ అందిందన్న దాన్ని బట్టి ఎల్‌ఎన్‌బీ ఏ సగం ఛానళ్లను పట్టాలో తెలుసుకుంటుంది. దారిలో తుప్పు పట్టిన జాయింటు 18ని బాగా తగ్గించిందంటే ఎల్‌ఎన్‌బీ దాన్ని 13 అనుకుని ఆ సగంలోనే ఉండిపోతుంది.

జోరువానలో బొమ్మ పోయి, వాన తగ్గగానే వస్తే కంగారు పడకు, అది జోరువాన సిగ్నల్‌ను అడ్డుకోవడం వల్ల. వాన వెలిశాక కూడా గంటల తరబడి రాకుండా, ఎండ కాశాక వస్తే కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయన్నమాట.

ఏది విప్పాలన్నా ముందు బాక్స్ ప్లగ్ గోడ నుంచి తీసెయ్. కరెంటు ఉండగా కేబుల్ నడిమి తీగ, దాని చుట్టూ ఉండే సన్న తీగల అల్లిక అయిన జాలీకి తగిలితే బాక్స్ లోపలి సర్క్యూట్ దెబ్బతినొచ్చు. ఉరుములప్పుడూ, డాబా తడిగా ఉన్నప్పుడూ పైకి వెళ్లకు.

ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి తీగ చూడు. రాగి రంగులో మెరుస్తుంటే మంచిది. నల్లబడినా, పచ్చటి పొడి పట్టినా ఆ కొస పనికిరాదు. ఒక జానెడు కోసి మళ్లీ చూడు. లోపలి జాలీ ఇంకా నల్లగానే ఉంటే నీళ్లు లోపలికంటా పాకాయి, కేబుల్ మొత్తం మార్చెయ్. ఆర్‌జీ-6 రకం, 75 ఓమ్‌లది తీసుకో.

కొత్త కొస చేసేటప్పుడు తొందరపడకు. పై తొడుగు 13 మిల్లీమీటర్లు మాత్రమే తీసి, జాలీని వెనక్కి మడువు. నడిమి తీగ చుట్టూ ఉండే తెల్ల నురుగు మీది వెండి రేకు అలాగే ఉండనివ్వు. తర్వాత చివర 6, 7 మిల్లీమీటర్ల మేర ఆ నురుగు తీసెయ్. బ్లేడు నడిమి తీగకు తగలకూడదు. చాలా కేబుళ్లలో అది రాగి పూత పూసిన ఉక్కు తీగ, ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పైపై రాగిలోనే పోతుంది. కనెక్టర్ ఎక్కించాక నురుగు లోపలి అంచుతో సమంగా ఉండాలి, తీగ నట్టు అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి. జాలీలోని ఒక్క పోగు నడిమి తీగకు తగిలినా షార్టే, అందుకే వెలుతురులో పట్టుకుని చూడు. కనెక్టర్ల ధరలో తేడా కొంచెమే, తిప్పి ఎక్కించే రకం వద్దు, నొక్కి బిగించే రకమే కొను. చేత్తో బిగించాక 11 నంబరు స్పానర్‌తో పావు తిప్పు చాలు.

అనుమానం తీరాలంటే మల్టీమీటర్ వాడు. రెండు కొసలూ విప్పి, నడిమి తీగకూ జాలీకీ మధ్య కొలిస్తే ఏమీ కలవకూడదు. ఒక కొసలో ఆ రెంటినీ తీగతో కలిపి రెండో కొసన కొలిస్తే కొద్ది ఓమ్‌లే చూపాలి. మొదటిది కలిస్తే షార్టు, రెండోది కలవకపోతే తెగింది. తెగిన చోట మెలేసి టేపు చుట్టడం పనికిరాదు, రెండు వైపులా కనెక్టర్ వేసి, ఆ రెంటినీ కలిపే జాయింటర్ పెట్టు. మేకు క్లిప్పులు కేబుల్‌ను నొక్కేసినా, మూల దగ్గర గట్టిగా మడిచినా సిగ్నల్ పడిపోతుంది. వంపు వ్యాసార్థం 7 సెంటీమీటర్ల కంటే తగ్గకుండా చూసుకో.

పైన బిగించాక సాగే రబ్బరు టేపును కింది నుంచి పైకి, సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా చుట్టు. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు వదులై నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. ఎల్‌ఎన్‌బీ కింద కేబుల్‌ను వేలాడేలా ఒక వంపు వదులు, నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి.

టేపు చుట్టే ముందే ఒకసారి బాక్స్ ఆన్ చేసి, పై కొస దగ్గర జాగ్రత్తగా వోల్టేజీ కొలువు. 13 లేదా 18 వస్తూ, ఎల్‌ఎన్‌బీ తగిలించినా బొమ్మ రాకపోతే ఎల్‌ఎన్‌బీ పోయి ఉండొచ్చు. పాతది తీసేముందు అది ఎంత వాలుగా ఉందో, ఎంత లోపలికి దిగిందో పెన్నుతో గీత పెట్టుకో, కొత్తదాన్ని అదే గీతకు కూర్చోబెట్టు.

ఇట్లు,
మీ మామయ్య