చెట్లు లెక్కపెట్టే చదువు ఎందుకంటున్నారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. విమానంలోని రాడార్‌తో అడవిలో ఒక్కో చెట్టునూ గుర్తించడంపై ఎంటెక్ ప్రాజెక్టు చేస్తానంటోంది. ఏఐ కోర్సులో చేరమంటే వినడం లేదు. ఏది మేలు? - ఓ తండ్రి, గుంటూరు

జవాబు: ‘చెట్లు లెక్కపెట్టడానికా ఇంజినీరింగ్ చదివించింది?’ అని కూడా రాశారు. మీ టెన్షన్ కోర్సు గురించి కాదు, చుట్టాలకేం చెప్పాలన్నదాని గురించి. చుట్టాల కోసం పిల్ల చదువు మార్చకండి. యాంటెన్నా, సిగ్నల్ ప్రాసెసింగ్ చదివిన అమ్మాయి రాడార్ వైపు వెళ్తే దారి తప్పినట్టా?

ఇక ఏఐ. అది వద్దనను. కానీ మూడు నెలల సర్టిఫికెట్‌తో కొలువు వస్తుందన్న ప్రచారం మీదే నాకు నమ్మకం లేదు. రాడార్ చిత్రంలో చెట్టు ఫొటోలోలా కనిపించదు. కొమ్మలు విమానం వైపు ఒరిగినట్టు పడతాయి, వెనక నీడ చీకటిగా ఉంటుంది, అంతటా ఇసుక చల్లినట్టు చుక్కలు. ఇదంతా ఎందుకో తెలియకపోతే ఏఐ మోడల్ ఆ చుక్కలనే చెట్లుగా చూపించినా పట్టుకోలేరు. తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లుంటే రాడార్ తరంగం ఆకుల దగ్గరే ఆగిపోతుంది. స్వీడన్ రక్షణ పరిశోధకుల కారాబాస్ రాడార్‌లో అది 3 నుంచి 15 మీటర్లు. ఆకులు, రెమ్మలు దానికి లెక్కలోకే రావు. చెట్టు మొదలు, నేల కలిసి తిప్పికొట్టిన సిగ్నలే అందుతుంది. అడవిలో దాగిన వాహనాల కోసం తయారైన ఆ రాడార్‌తోనే తర్వాత ఒక్కో చెట్టునూ గుర్తించారు. మీ అమ్మాయికి నచ్చింది ఇదే అయితే, ఆమె అభిరుచి మంచిదే.

ఒక్క చెట్టును పట్టే పనిలో లేజర్ కాంతితో కొలిచే లైడార్‌దే పైచేయి, కాబట్టి ఈ ఒక్క అంశంతోనే ఉద్యోగం దొరకదు. రాడార్ మీద పట్టుంటే మాత్రం పంటలు, వరదలు, రక్షణ రంగం, ఎటైనా వెళ్లొచ్చు. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ కూడా రాడార్ ఉపగ్రహమే. ఉపగ్రహ చిత్రాలపై పనిచేసే ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ హైదరాబాద్‌లోనే ఉంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్‌లో ఎంటెక్ చేస్తే పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు. అందుకని భయపడకండి. పైథాన్ ప్రోగ్రామింగ్ మాత్రం వదలొద్దని చెప్పండి. రాడార్ డేటాకూ అదే కావాలి, రేపు మనసు మారి సాఫ్ట్‌వేర్‌కి వెళ్తానన్నా అదే కావాలి.