కాటుకను కొండ ఎక్కించే ముందు

చిరంజీవి వంశీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ ప్రయాణం సంగతి విన్నప్పుడే నాలుగు మాటలు చెప్పబోయి ఆగిపోయాను. ఫోనులో చెబితే "అలాగే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం కోడలైనా చదువుతుంది. వచ్చే నెలలో ఒక గురువారం సాయంత్రం డాలస్‌లో కారెక్కి, రాత్రంతా నడిపి, శుక్రవారం పొద్దుటికి డెన్వర్‌లో మా ఇంటికి చేరి, శనివారం తెల్లవారుజామున నీ కుక్క కాటుకను వెంటబెట్టుకుని 14,000 అడుగుల శిఖరం ఎక్కుతానన్నావు. సముద్రమట్టానికి నాలుగైదు వందల అడుగుల ఎత్తున ఉండే ఊరి నుంచి ఒకటిన్నర రోజులో అంత పైకి వెళ్లడం నీకే మంచిది కాదు. అయినా నీకు తల నొప్పెడితే నోరు విప్పి చెప్పగలవు, కూర్చోగలవు, దిగిపోగలవు. కాటుకకు ఆ వీలు లేదు. దానికి నువ్వు నడుస్తున్నంతసేపూ నడవడమే ధర్మం. ఒంట్లో సత్తువ అయిపోయినా తోక ఊపుతూనే నీ వెనక వస్తుంది కాబట్టి, ఎక్కడ ఆగాలో దాని బదులు నువ్వే తేల్చుకోవాలి. మా కుక్క మల్లితో పదేళ్లకు పైగా ఈ కొండల్లో తిరిగి నేను నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే, అది కూడా ఒక పొరపాటు చేసిన తరువాతనే.

ముందుగా, ఎక్కడికి వెళ్లాలన్న విషయం. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని లాంగ్స్ పీక్ పేరెత్తావు. ఆ పార్కులో కాలిబాటల మీదికి కుక్కలను అసలు రానివ్వరు. రోడ్లు, పార్కింగ్ స్థలాలు, క్యాంపులు వేసుకునే చోట్ల వరకే అనుమతి. కాటుకను కారులో వదిలి మనం కొండ ఎక్కుదామన్న ఆలోచన కలలో కూడా పెట్టుకోవద్దు. అద్దాలు కొంచెం దించినా ఎండలో కారు కొలిమిలా మారిపోతుంది. కుక్కతో వెళ్లదగిన పద్నాలుగు వేల అడుగుల శిఖరాల్లో మనకు దగ్గరగా, దారి స్పష్టంగా ఉండేది మౌంట్ బియర్‌స్టాట్. జార్జ్‌టౌన్ మీదుగా గ్వనెల్లా పాస్‌కు వెళితే కారు దిగేసరికే దాదాపు 11,700 అడుగుల ఎత్తున ఉంటావు. అక్కడి నుంచి శిఖరానికి రానుపోను ఏడు మైళ్లు. అంకెలు చూసి తేలికనుకోకు. ఆ దారి మొదట కిందికి, విల్లో పొదలున్న చిత్తడి నేలలోకి దిగి, ఆ తరువాతే పైకి లేస్తుంది. అంటే తిరిగి వచ్చేటప్పుడు, ఒంట్లో ఏమీ మిగలని సమయంలో, కారు కళ్లెదుట కనిపిస్తుండగా మళ్లీ ఎక్కాలి. మల్లి ప్రతిసారీ అక్కడే కూర్చుని నా ముఖం వైపు చూసేది.

శనివారం మాత్రం శిఖరం వద్దు. శుక్రవారం మా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి. మా ఇల్లే మైలు ఎత్తున ఉంది కాబట్టి అదే మొదటి మెట్టు అవుతుంది. శనివారం ఐడహో స్ప్రింగ్స్ పైన ఉన్న సెయింట్ మేరీస్ గ్లేసియర్‌కు వెళ్దాం. పేరుకు గ్లేసియర్ గానీ అది వేసవిలోనూ పూర్తిగా కరగని మంచు పట్టీ. మైలు కన్నా తక్కువ నడకలోనే చెరువు వస్తుంది, ఎత్తు పది వేల అడుగులు దాటుతుంది. అక్కడ కాటుక ఎలా ఊపిరి తీస్తోందో, సాయంత్రం అన్నం ఎలా తింటోందో, రాత్రి నిద్ర ఎలా పోతోందో చూసిన తరువాత ఆదివారం విశ్రాంతి, సోమవారం బియర్‌స్టాట్. సెలవు ఇంకొక రోజు పొడిగించుకో. సోమవారమైతే జనం కూడా పలచగా ఉంటారు. వారాంతాల్లో ఆ పార్కింగ్ తెల్లవారకముందే నిండిపోతుంది.

బయలుదేరే ముందు అక్కడి పశువైద్యుడికి ఒకసారి చూపించు. గుండె, ఊపిరితిత్తులు, కీళ్లు బాగున్నాయో లేదో, రేబిస్, లెప్టోస్పైరోసిస్ టీకాలు ఎప్పుడు వేయించారో కనుక్కో. బరువు సంగతి నేను చెప్పకపోయినా ఆయన చెబుతాడు. 34 కిలోల లాబ్రడార్‌కు రోజూ నెయ్యి వేసిన పప్పన్నం పెడుతున్నది ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. ఇప్పటి నుంచి నెల రోజులు పొద్దున్నే దానిని గంటకు తగ్గకుండా నడిపించు. డాలస్‌లో కొండలు లేకపోతే పార్కింగ్ భవనం మెట్లున్నాయి.

ఇక పాదాల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మల్లికి అప్పుడు ఐదేళ్లు, మంచి వయసు, 25 కిలోలు. శిఖరం కింద చివరి రెండు మూడు వందల అడుగులు మట్టి దారి ఉండదు. ఒకదాని మీద ఒకటి పడి ఉన్న పెద్ద పెద్ద రాళ్లే ఉంటాయి, వాటి గరుకు ఉప్పుకాగితంలా ఉంటుంది. మల్లి వాటి మీద మేకపిల్లలా గెంతుతుంటే మీ పెదనాన్నా నేనూ చూసి మురిసిపోయాం. దిగేటప్పుడు ఒక చదునైన బండ మీద ఎర్రటి చుక్క కనిపించింది, నాలుగడుగుల అవతల ఇంకొకటి. ఎవరో తాగుతూ ఒలకబోసిన రసమనుకుని దాటిపోయాను. మూడో చుక్క దగ్గర కూర్చుని దాని కాలు ఎత్తి చూస్తే ముందు పాదం మెత్త మీది నల్లటి తోలు నాణెం అంత మేర ఊడి, లోపల గులాబీ రంగు మాంసం కనిపిస్తోంది. అది అప్పటిదాకా ఒక్కసారి కూడా కుంటలేదు, మూలగలేదు. కాలు ఎత్తి చూసిన తరువాతే, ఇక దాచనక్కరలేదన్నట్టు, కిందపెట్టడం మానేసింది. నా ఉన్ని శాలువాను జోలెలా కట్టి, చెరొక కొసా పట్టుకుని, రెండు మైళ్లు మోయడానికి మాకు దాదాపు నాలుగు గంటలు పట్టింది. 25 కిలోలకే ఆ గతి పడితే 34 కిలోలను నువ్వూ కోడలూ ఎలా మోస్తారో ఆలోచించుకో. కుక్కను వీపుకు తగిలించుకుని మోసేందుకు మడతపెట్టుకునే తేలికపాటి హార్నెస్‌లు దొరుకుతున్నాయి, ఒకటి కొని ఇంట్లో కట్టి ఎత్తి చూడు. ఎత్తలేకపోతే ఆ సంగతి కొండ మీద కాక ఇంట్లోనే తెలియడం మంచిది.

కుక్క బూట్లు కూడా ఇప్పుడే కొను. మొదటిరోజు తొడిగితే బురదలో కాలు పెట్టిన పిల్లిలా ఒక్కొక్క కాలూ విదిలిస్తుంది, నవ్వొస్తుంది, వీడియోలు తీస్తారు. రెండు వారాల్లో అలవాటవుతుంది. కొండ మీద అరగంటకొకసారి ఆగి నాలుగు పాదాలూ ఎత్తి, మెత్తలు వేలితో నొక్కి, వేళ్ల సందుల్లో గులకరాళ్లు ఇరుక్కున్నాయేమో చూడాలి. అది నడుస్తోంది కదా, బాగానే ఉందిలే అనుకోవద్దు. ఇంకొక జత మేజోళ్లు, కట్టు కట్టే గుడ్డ, చర్మానికి అంటుకోని టేపు సంచిలో ఉండాలి. నొప్పికి నువ్వు వేసుకునే ఐబుప్రొఫెన్ గానీ, పారాసిటమాల్ గానీ దానికి వేయకూడదు, అవి కుక్కలకు విషం.

2012 ఆగస్టులో ఇదే బియర్‌స్టాట్ పక్కన, సాటూత్ అనే రంపపు పళ్లలాంటి శిఖరరేఖ మీద, పాదాలు చిట్లిపోయిన ఒక జర్మన్ షెపర్డ్‌ను వాతావరణం చెడిందని యజమాని వదిలి దిగిపోయాడు. దాదాపు వారానికి అది ఇంకా బతికే ఉందని ఆ దారిన వెళ్లినవారు కనిపెట్టారు. కొందరు స్వచ్ఛందంగా పైకి వెళ్లి, వీపు సంచిలో పెట్టుకుని దించారు. ఆ యజమాని మీద కేసు కూడా నడిచింది. ఆ రోజుల్లో ఇక్కడ అందరూ ఆయనను తిట్టారు. నేనూ తిట్టాను గానీ, మల్లిని మోసిన ఆ నాలుగు గంటలు గుర్తుకొచ్చి గొంతు కొంచెం తగ్గించాను. మీ పెదనాన్న పక్కన లేకపోతే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. నువ్వు మాత్రం సాటూత్ వైపు కన్నెత్తి చూడకు, చేతులతో పట్టుకుని పాకవలసిన చోట కుక్కకు చేతులుండవు.

ఎత్తు ఒంటికి పడటం లేదని ఎలా తెలుస్తుందని అడిగావు. 14,000 అడుగుల దగ్గర ఒక్కొక్క ఊపిరితో లోపలికి వెళ్లే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 60 శాతమే. కుక్క ఒంటి వేడి తగ్గించుకునేది కూడా ప్రధానంగా రొప్పడం ద్వారానే కాబట్టి దానికి ఒకే పనిముట్టుతో రెండు పనులు పడతాయి. ఎక్కేటప్పుడు రొప్పడం సహజమే. పది నిమిషాలు నీడన కూర్చున్నా రొప్పు తగ్గకపోతే, ఇష్టమైన తిండి పెట్టినా ముఖం తిప్పుకుంటే, దగ్గినా, వాంతి చేసుకున్నా, తూలినా, అక్కడికక్కడే వెనక్కి తిరగాలి. చిగుళ్లు చూడటం ఇవాళే నేర్చుకో. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే గులాబీ రంగు తిరిగి రావాలి. నల్లకుక్కల్లో కొన్నింటికి చిగుళ్లూ నల్లగానే ఉంటాయి కాబట్టి, కాటుకకూ అలాగే ఉంటే కింది కనురెప్ప లోపలి వైపు చూడు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నప్పటి రంగు నీ కళ్లకు అలవాటైతేనే కొండ మీద పాలిపోయిందో, నీలి రంగు తిరిగిందో పోల్చుకోగలవు. గాలి చల్లగా ఉందని ధీమా పడకు. అంత ఎత్తున ఎండ చురుక్కుమంటుంది, నల్లటి బొచ్చు దానిని పీల్చుకుంటుంది.

నీళ్లు దాని కోసమే విడిగా కనీసం రెండు లీటర్లు మొయ్యి. ఒకేసారి గిన్నెడు పొయ్యకుండా ఆగినచోటల్లా కొంచెం కొంచెంగా ఇవ్వాలి. వాగు నీళ్లు అద్దంలా ఉన్నా, విరేచనాలు తెప్పించే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఈ కొండల్లో పాత గనులు చాలా ఉన్నాయి, తుప్పు రంగు నీళ్లు పారే చోట దానిని మూతి కూడా పెట్టనివ్వకు. తిండి దానికి అలవాటైనదే ఇవ్వు. మీరు తెచ్చుకునే డ్రై ఫ్రూట్స్ పొట్లంలో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కలకు ప్రమాదకరం, చాక్లెట్ కూడా అంతే. మీ ఇద్దరికీ నేను పెరుగన్నం, పులిహోర కట్టి ఇస్తాను.

లీష్, అదే కుక్కను పట్టుకునే తాడు, గురించి నీతో వాదించే ఓపిక నాకు లేదు. ఆ ప్రాంతంలో కుక్క లీష్ మీదే ఉండాలని నిబంధన ఉంది, నిబంధన లేకపోయినా ఉండాలి. మొదట వచ్చే విల్లో పొదల్లో మూస్‌లు, అంటే భారీ దుప్పి జాతి జంతువులు, మేస్తుంటాయి. దున్నపోతు కన్నా ఎత్తైన ఆ జంతువు కుక్కను తోడేలు జాతిగానే చూస్తుంది, తరుముతుంది. తరిమితే కుక్క ఎక్కడికి పరుగెత్తుతుంది? నీ దగ్గరికే. పైన రాళ్ల మధ్య మార్మట్‌లనే పెద్ద ఉడుత జాతి జంతువులు ఈలవేస్తాయి, వాటి కోసం ఉరికితే కాళ్లు విరుగుతాయి, కదిలిన రాళ్లు కింద వచ్చేవారి తల మీద పడతాయి. లీష్‌ను నడుముకు కట్టుకునే అలవాటు నీకుందిగా, రాళ్ల మీద దిగేటప్పుడు మాత్రం విప్పి చేత పట్టుకో, అది ఒక్కసారి గుంజితే ఇద్దరూ పడతారు. మలం సంచిలో ఎత్తుకుని కిందిదాకా తేవాలి, "వచ్చేటప్పుడు తీసుకుందాం" అని దారి పక్కన పెట్టినవారిలో సగం మంది మరిచిపోవడం నేను చూశాను.

తెల్లవారుజామున మూడింటికి ఇంట్లో బయలుదేరితే ఐదు లోపు నడక మొదలుపెట్టవచ్చు. వేసవిలో మధ్యాహ్నానికి మబ్బులు పట్టి పిడుగులు పడటం ఇక్కడ మామూలు. అక్కడ మొదటి అడుగు నుంచీ చెట్లుండవు, దాగడానికి చోటుండదు. కాబట్టి శిఖరం చేరినా చేరకపోయినా పదకొండుకు దిగుముఖంలో ఉండాలి. వడగళ్లలో తడిసిన కుక్క త్వరగా చలికి వణుకుతుంది, దానికొక పాత తువాలు, ఒక కోటు ఉంచు. శిఖరం మీద ఫొటో రాకపోతే కోడలు ఏమీ అనదు, నేను మాట్లాడాను.

శుక్రవారం మీరు ఎన్నింటికి వచ్చినా తలుపు తీస్తాను. కాటుకకు గిన్నె తేవద్దు, మల్లిది వంటింటి గట్టు కింద అలాగే ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ