ఇళ్ల జాబితాపై చివరి మాట ఎవరిది?

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఇళ్ల పథకం కోసం మా ఊళ్లో సర్వే చేశారు. మట్టి గోడలు, తాటాకు కప్పు ఉన్న మా ఇంటి పేరు జాబితాలో లేదు. డాబా ఉన్నవారి పేరు మాత్రం ఉంది. సర్పంచి గారిని అడిగితే అంతా ఢిల్లీలోనే నిర్ణయమవుతుందని అంటున్నారు. మండల కార్యాలయానికి వెళితే పంచాయతీనే అడగమంటున్నారు. అసలు ఈ పథకంలో పంచాయతీకి ఉన్న అధికారం ఏమిటి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: డబ్బు విషయంలో సర్పంచి గారి మాట చాలావరకు నిజమే. జాబితా విషయంలో మాత్రం అది నిజం కాదు. 2016 ఏప్రిల్ నుంచి ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో అమలవుతున్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి 1.20 లక్షల రూపాయల సాయం అందుతుంది. ఇందులో 60 శాతం, అంటే 72 వేలు కేంద్రం భరిస్తే, మిగిలిన 48 వేలు రాష్ట్రం భరిస్తుంది. ఈ సొమ్ము పంచాయతీ ఖాతాకు రాదు. పని ఏ దశకు చేరిందో ఫోటో తీసి, ఆ స్థలం గుర్తులతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కించిన తరువాత విడతలవారీగా నేరుగా లబ్ధిదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కనుక బిల్లు పడలేదని సర్పంచిని నిలదీస్తే ప్రయోజనం తక్కువ. గృహ నిర్మాణ శాఖ ఇంజనీరును అడగాలి.

అర్హుల ఎంపికలో పరిస్థితి వేరు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాలలో గ్రామీణ గృహ నిర్మాణం పదవది. ఆ స్ఫూర్తితోనే ఈ పథకం మార్గదర్శకాలు కూడా ఎంపికలో కీలక స్థానాన్ని గ్రామసభకు ఇచ్చాయి. గమనించండి, సర్పంచికి కాదు, పాలకవర్గానికీ కాదు, ఊరి ఓటర్లందరూ సభ్యులుగా ఉండే గ్రామసభకు. మొదట 2011 సామాజిక ఆర్థిక కుల గణన ఆధారంగా, ఆ తరువాత అందులో చోటు దక్కని కుటుంబాల కోసం చేసిన ఆవాస్ ప్లస్ సర్వేల ఆధారంగా కంప్యూటరు తయారుచేసిన జాబితాను గ్రామసభ ముందు పెట్టాలి. పక్కా గోడలు గానీ పక్కా కప్పు గానీ ఉన్న ఇల్లు అసలు లెక్కలోకే రాకూడదు కాబట్టి, డాబా ఉన్న కుటుంబం పేరు కనిపిస్తే కారణం రాసి దాన్ని తొలగించే అధికారం గ్రామసభకు ఉంది.

కొత్త పేరు చేర్చడం ఇంత సులువు కాదు, మీకు ముఖ్యమైనదీ ఇదే. గ్రామసభ తనంతట తాను మీ పేరును జాబితాలో ఎక్కించలేదు. అర్హత ఉండీ జాబితాకు ఎక్కని కుటుంబాల పేర్లను, కారణాలతో సహా తీర్మానంలో నమోదు చేసి పై అధికారులకు పంపాలి. కాబట్టి సభలో నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. మీ ఇంటి ఫోటో జతచేసి అర్జీ ఇవ్వండి, పంచాయతీ కార్యదర్శి దగ్గర రసీదు తీసుకోండి, మినిట్స్‌లో మీ పేరు రాశారో లేదో అక్కడే చదివి చూసుకోండి. తొలగింపులపైన, వరుస క్రమంపైన అభ్యంతరం ఉంటే జిల్లా స్థాయిలో అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు.

ఈ ఏర్పాటు కాగితం మీద చక్కగానే ఉంది. కానీ నలుగురితో సభ జరిపించి, తరువాత ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరిస్తే, ఢిల్లీలో ఎంత మంచి మార్గదర్శకాలు రాసినా పేదవాడి గుడిసెకు చేరేది ఏమీ ఉండదు. తెలంగాణలో ఇల్లు ఒక్కింటికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకానికి గ్రామాల్లో ప్రత్యేక కమిటీలను వేశారు. అలాంటి కమిటీలు గ్రామసభకు సాయపడాలే గాని దానికి బదులుగా నిలబడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇల్లు మంజూరైతే మరొక విషయం గుర్తుంచుకోండి. ఈ కేంద్ర పథకంలో కాంట్రాక్టరుకు చోటు లేదు. వంటకు వేరుగా చోటు ఉండేలా కనీసం 25 చదరపు మీటర్ల ఇంటిని లబ్ధిదారే దగ్గరుండి కట్టించుకోవాలి. ఉపాధి హామీ కింద మైదాన ప్రాంతాల్లో 90 పనిదినాల కూలి, మరుగుదొడ్డికి 12 వేలు అదనంగా ఇప్పించే ఏర్పాటు మార్గదర్శకాలలో ఉంది. వీటిని అడిగి తీసుకోవాలి. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి ఇన్నేళ్లలో ఎంత పెరిగినా 1.20 లక్షల మొత్తం 2016 నుంచి మారకపోవడం అన్యాయమే.

ప్రశ్న: పట్టణాల్లో మున్సిపాలిటీ పాత్ర కూడా ఇలాగే ఉంటుందా?
– ఒక వార్డు కౌన్సిలరు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఉండదు. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో స్థానిక సంస్థ అవసరాన్ని అంచనా వేసి ప్రాజెక్టు నివేదిక తయారుచేస్తే, దాన్ని రాష్ట్ర స్థాయి కమిటీ, ఆ తరువాత కేంద్ర కమిటీ ఆమోదిస్తాయి. సొంత స్థలంలో కట్టుకునేవారికి, భాగస్వామ్య పద్ధతిలో కట్టే ఫ్లాట్లకు కేంద్రం ఇంటికి 1.50 లక్షలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో చేపట్టిన 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు ఈ రెండో పద్ధతిలోనివే. భవనాలు లేచినా తాగునీరు, మురుగు కాలువలు, రోడ్లు పూర్తికాక తాళాలు చేతికి అందని చోట్ల, బ్యాంకు వాయిదాల నోటీసులు మాత్రం ముందే అందుకున్న లబ్ధిదారులు ఉన్నారు. అందుచేత మీ కౌన్సిలు ముందుకు ఇళ్ల ప్రాజెక్టు ఏదైనా వచ్చినప్పుడు, నీటి పైపులకూ మురుగు కాలువలకూ ఖర్చు ఎవరు పెడతారో, ఏ తేదీలోగా పూర్తి చేస్తారో తీర్మానంలోనే రాయించండి.